పది వాట్లు చాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... మా వైపు ఆంప్లిఫైయర్ అంటే మైకుసెట్టే. పెళ్లికి, జాతరకి, ఎన్నికలకి అదే. పులివెందులలో మా పిన్ని కొడుకు మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొని అడిగిందీ అదే: "అన్నా, మైకుసెట్టుకే తగిలిస్తే పోలా? ఇంకో ఖర్చెందుకు?"

మైకుసెట్టు పని మాటను ఊరంతటికీ స్పష్టంగా చేర్చడం. గిటార్ ఆంప్‌ ఆ స్పష్టతను కావాలనే వదులుకుంటుంది. దాని స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పెద్దగా పలికించదు. అందుకే అందులో డిస్టార్షన్ గరగరలాడినా ఇంపుగా ఉంటుంది. మైకుసెట్టులో అదే శబ్దం కందిరీగల తుట్టె కదిపినట్టుంటుంది.

వాట్ల మోజూ వద్దన్నాను. 10 వాట్లను 20 చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 100 వాట్లు కావాలి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో 10 వాట్లే ఎక్కువ.

చూసుకోవాల్సింది హెడ్‌ఫోన్ జాక్. మన ఊళ్లలో ఏది నేర్చుకున్నా నలుగురి చెవుల ముందే నేర్చుకోవాలి. "ఇంజనీరింగ్ చదివేవానికి ఇదంతా ఎందుకబ్బా" అనే మాట మొదటి కార్డ్ కుదరకముందే వస్తుంది. ఆరు నెలలు ఎవరికీ వినబడకుండా తప్పులు వాయించుకోగలిగితే, ఆ మాట వచ్చేసరికి చేతిలో ఒక పాటైనా ఉంటుంది.