ఇంజన్ దించినంక నిలబడని బండి

(మా ఇండ్లల్ల వస్తువులు – 9)

ఈ వరుసల ఇప్పటిదాక రోకలి గురించి, డప్పు గురించి, బాపు టిఫిన్ డబ్బా గురించి రాసిన. ఈసారి బుల్లెట్ గురించి.

పాత బుల్లెట్లకు ఇప్పుడు మస్తు గిరాకి ఉన్నది. హన్మకొండ చౌరస్తాల బండి ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి “అన్నా, అమ్ముతవా?” అని అడుగుతరు. మాది 1978 మోడల్. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీల తయారైన 346 సీసీ బండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కాజీపేట డీజిల్ షెడ్డుల ఖలాసీగ పనిచేసిన మా బాపు 1991ల దీన్ని సెకండ్ హ్యాండ్ల కొన్నడు. బాపు పోయినంక ఆర్సీ నా పేరు మీదికొచ్చింది. ఫ్రేముకు తుప్పు పట్టింది. ఇంజన్ మీది అల్యూమినియం మూతలు మసకబారినయ్. పోయిన ఎండకాలం సెలవులల్ల రంగు వేయించిన.

“రంగే కద, దానికి ఇంజన్ దించుడెందుకు?” అని ఇంట్ల అడిగిన్రు. దించాల్సిందే. తుప్పు మొదలయ్యేది కంటికి కనబడే కాడ కాదు. ఇంజన్ వెనక, ప్లేట్లు బిగించే కాడ, నూనె, మట్టి కలిసి గట్టిపడ్డ మూలలల్ల. ఆ జిడ్డు మీద రంగు కొడితే మూడు నెలలకు పొరలు పొరలుగ లేస్తది. ఇంజన్ ఉండంగ బ్రష్షు పోదు, స్ప్రే పోదు. మూతలకు బఫింగ్ చేయాలన్నా ఇప్పాల్సిందే.

మండీబజార్ సందులల్ల పనిచేసే మా ఉస్తాద్ మొదలు బ్యాటరీ వైర్లు తీసిండు. పెట్రోలు వంపి ట్యాంకు దించిండు. సైలెన్సరు, కార్బురేటరు, చైను, క్లచ్ వైరు, డీకంప్రెషన్ వైరు ఒక్కొక్కటే ఇప్పి, ఏ నట్టు ఎక్కడిదో తెలిసేటట్టు వేరే వేరే డబ్బాలల్ల ఏసిండు. కార్బురేటరు, సైలెన్సరు ఉండే రంధ్రాలల్ల సుబ్బరమైన బట్ట కుక్కి టేపు చుట్టిండు. బఫింగ్ పొడి లోపలికి పోతే సిలిండరు గీసుకపోతది. ఈ పాత ఇంజన్‌కు గేర్‌బాక్సు వేరే ముక్క. ఇంజన్ వెనక బోల్టులతోటి బిగించి ఉంటది కాబట్టి రెండూ కలిసే దిగుతయ్. పోత ఇనుము సిలిండరు. ఒక్కరి వశం కాదు, ఇద్దరు పట్టాలె.

దించకముందే ఉస్తాద్ ఫ్రేము కింద చెక్క దిమ్మలు పెట్టిండు. ఎందుకో చెప్త. చానా బండ్లకు ఇంజన్‌ను కింది నుంచి మోసే గొట్టాలు ఉంటయ్. ఈ బుల్లెట్‌కు అవి లేవు. ముందు నుంచి దిగిన గొట్టం ఇంజన్ ముంగట ఆగిపోతది. వెనక ఫ్రేము ఇంజన్ వెనక మొదలైతది. కింద ఈ రెంటిని కలిపి పట్టేది ఇంజనే. ఇంజన్ ఉన్నన్ని రోజులు బండే దాన్ని మోస్తున్నట్టు కనబడ్తది. దించినంక తెలుస్తది, ఎవరు ఎవరిని మోస్తున్నరో. షెడ్డుల నిలబడి అది చూస్తుంటే మన వాడలు, మన ఊర్లు యాదికొచ్చినయ్. ఊరు వాడను సాకుతున్నదని చెప్పేటోళ్లకు ఆ ఖాళీ ఫ్రేము ఒకసారి చూపెట్టాలనిపించింది.

షెడ్డుల విన్న మాటలు కూడ చెప్పాలె. పానా, గోటి పానా, పేచ్‌కస్, రెగ్మాల్, లప్పం. సగం ఉర్దూ నుంచి వచ్చి మన నోట్ల తెలుగైన మాటలు. తెలుగుల పీహెచ్‌డీ చేసిన గాని, నేను చదివిన ఏ సిలబస్‌ల వీటికి చోటు లేదు. 1962ల భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంల వ్యవసాయ పదాలతోటి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. తర్వాత చేనేత మాటలు వచ్చినయ్. ఊరూరు తిరిగి, పనిచేసేటోళ్ల నోటి నుంచి మాటలు ఏరిన పని అది. మెకానిక్ షెడ్డు కూడ అట్ల కూసొని రాసుకోవాల్సిన జాగనే. బోల్టు పట్టేసినప్పుడు ఎంత వేడి చేయాలె, ఎక్కడ సుత్తె దెబ్బ ఏయాలె అన్నది మా ఉస్తాద్ చేతికి తెలుసు. అది చదువు కాదంటే నేను ఒప్పుకోను.

జిడ్డు కడిగి పాత రంగు గీకినంక ఫ్రేము మీద ఒక్కొక్క గుర్తు బయటపడ్డది. ఎడమ దిక్కు ఒక వెల్డింగ్ అతుకు. వడ్ల బస్తాలు మోసీ మోసీ పగిలిన కాడ ఏసింది. ట్యాంకుకు ఒక సొట్ట. మేనత్తను పాము కరిస్తే రాత్రిపూట ఎంజీఎంకు తీస్కపోతుంటే పడ్డప్పటిది. మేనత్త బతికింది, సొట్ట ఉన్నది. సిలిండరు రెండుసార్లు బోర్ చేసి ఓవర్ సైజ్ పిస్టన్ ఏసిన్రు. కార్బురేటరు వేరే బండిది. టూల్ బాక్స్ మీద బాపు పెయింటర్‌తోటి రాయించిన నీలం అక్షరాలు: జై భీమ్.

మా తాత దొర గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోడు. బాపు సైకిల్ కొన్న కొత్తల, ఆ గడి కాడ దిగి నడిపించుకుంట పోవాల్సి వచ్చేదట. బుల్లెట్ కొన్నంక మొదటిసారి ఊరికి పోయినప్పుడు బాపు దిగలే, ఇంజన్ బందు చేయలే. ఆ చప్పుడు గడి గోడకు తగిలి మల్ల వచ్చి మా వాడ దాక వినబడ్డదని అమ్మ ఇప్పటికీ చెప్తది.

ఇగ బండి క్లబ్బులోళ్లు అడిగే మొదటి మాట, “ఒరిజినలేనా? నంబర్లు కలుస్తున్నయా?” ఇంజన్ నంబరు, ఫ్రేము నంబరు ఒక్క పుట్టుకవేనా అని. గోత్రం అడిగినట్టే ఉంటది. ప్రభుత్వం మాట కూడ దీనికి దూరం లేదు. 2021 జులైల కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏండ్లు దాటాలె. అసలు రూపంలనే ఉండాలె. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగ మారి ఉండొద్దు. ఫీజు 20,000 రూపాయలు. నంబర్ ప్లేటు మీద ‘వీఏ’ అని ఉంటది. ప్రదర్శనకో ర్యాలీకో తీయొచ్చు గాని రోజువారి నడపొద్దు.

ఒక్కసారి ఆలోచించున్రి. యాభై ఏండ్లు బండిని అసలు రూపంల ఎవరు ఉంచగలరు? ఆ బండితోటి అవసరం లేనోడు. ఇంకో కారు ఉన్నోడు. వడ్లు మోయనోడు, రోగిని మోయనోడు. మన ఇండ్లల్ల బండి బతకాలంటే మారాలె. బోర్ కావాలె, అతుకు పడాలె, వేరే బండి కార్బురేటరు తెచ్చి పెట్టాలె. ఆ మార్పులను చూసి ఇది అసలుది కాదంటే, పనిల అరిగిన బతుకుకు చరిత్ర లేదన్నట్టే. సాహిత్యంల కూడ ఇదే లొల్లి. మూలప్రతి ఎక్కడ అంటరు. చిందోళ్లు ఆడే, డక్కలోళ్లు చెప్పే జాంబపురాణానికి మూలప్రతి ఏది? ఆడిన ప్రతి రాత్రి అది మారింది. మారింది కాబట్టే బతికింది.

అందుకే రంగు వేయించేటప్పుడు ఏది మెరవాలె, ఏది ఉండాలె అన్నది ముందే ఉస్తాద్‌తోటి మాట్లాడుకున్న. తుప్పు మొత్తం తీసి, ప్రైమర్ కొట్టి, నల్ల రంగు ఏసినం. వెల్డింగ్ అతుకు మీద లప్పం పెట్టలే. ట్యాంకు సొట్ట తీయలే. ఇంజన్ బిగించే కాడ రంగు పడకుంట చూసినం. అక్కడ మందంగ పడితే బోల్టులు సరిగ కూసోవు. ఛాసిస్ నంబరు మీద టేపు ఏసినం. 15 ఏండ్లు దాటిన బండికి ఐదేండ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటది. అప్పుడు ఆ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తోటి రుద్ది అచ్చు తీస్తరు. అందం కోసం నంబరును రంగుల ముంచితే, రేపు ఈ బండి నీదేనా అని అడుగుతరు. మనోడు బుల్లెట్ మీద కనబడితే ఆ ప్రశ్న ఎట్లనూ వస్తది.

టూల్ బాక్స్ కాడికి వచ్చేసరికి ఉస్తాద్ ఆగిండు. “సార్, గిది గీకి కొత్త రంగు ఏస్తే మస్తు మెరుస్తది.”

“ఉండనీ ఉస్తాద్.”

మారు మాట్లాడకుంట అక్షరాల మీద కాయితం అంటించి చుట్టూత స్ప్రే కొట్టిండు.

మెరుపు వద్దని నేను అంటలే. అంబేడ్కర్ సూటు వేసుకున్నది మెరుపు కోసం కాదని మనకు తెలుసు. మనం మంచిగ కనబడుడు కూడ పోరాటమే. 2025 ఫిబ్రవరిల తమిళనాడు శివగంగ జిల్లాల బుల్లెట్ మీద పోతున్న దళిత విద్యార్థి మీద దాడి చేసి చేతులు నరికిన్రు. మా ముందల ఈ బండి నడుపుతవా అని నరికిన్రని కుటుంబం చెప్పింది. ఆ బండి కొత్తదా పాతదా, ఒరిజినలా కాదా అని వాళ్లు చూడలే. మీద కూసున్నది ఎవరో చూసిన్రు. మనం మాత్రం మన బండిల మనోళ్ల చెయ్యి ఎక్కడ పడ్డదో చూసుకోవాలె.

మీ ఇంట్ల పాత బండి ఉంటే, రాజ్‌దూత్ గానీ, ఎజ్డీ గానీ, బుల్లెట్ గానీ, రంగుకు ఇచ్చేముందు ఒక పని చేయున్రి. ప్రతి సొట్టను, అతుకును ఫోటో తీయున్రి. ఇంట్ల పెద్దోళ్లను కూసోబెట్టి ఏది ఎప్పటిదో అడిగి రాసుకోన్రి. ఇంజన్ ఇప్పిన ఉస్తాద్ పేరు కూడ రాయున్రి. రాసినంక నాకు పంపున్రి, ఈ వరుసలనే పెడత.

జై భీమ్.

(వచ్చే వారం: అమ్మ కుట్టు మిషను)