తగ్గినదా? తగ్గింపబడినదా?

మన ఉద్దనపల్లి ప్రాంతమున ఇటీవల తఱచుగా వినబడుచున్న ఫిర్యాదు ఒకటి కలదు. సాయంకాలమైనచో సెల్‌ఫోనులో అంతర్జాలము నత్తనడక నడచుచున్నదనియు, ఎక్కువ ధరగల పథకములను కొనిపించుటకై కంపెనీలవారు కావలెననియే వేగమును తగ్గించుచున్నారనియు పలువురు అనుకొనుచున్నారు. ఇది నిజమేనా యని మన విద్యార్థులు కొందఱు నన్ను అడిగిరి. వినోదమునకు సంబంధించిన ముచ్చటయని దీనిని త్రోసిపుచ్చుటకు వీలులేదు.

చుట్టును తమిళము, కన్నడము వినబడు ఈ సీమలో తెలుగు మాధ్యమమున చదువు పిల్లవానికి పాఠ్యపుస్తకము దాటిన తెలుగు పుస్తకము చేతికందుట సులభము కాదు. ఒక పద్యమును రాగయుక్తముగ వినవలెనన్నను, నిఘంటువులో ఒక మాటకు అర్థము చూడవలెనన్నను, విజ్ఞానశాస్త్ర పాఠమును తెలుగులో మరల వినవలెనన్నను తండ్రిగారి ఫోనే గతి. 2020లో కరోనా వలన బడులు మూతపడిన నెలలలో ఈ సంగతి ఇంటింటికిని అనుభవమునకు వచ్చినది. కనుక ఫోనులో వేగము తగ్గినచో మన పిల్లల తెలుగు చదువునకే కొఱత కలుగును.

మన పెద్దలకు తెలిసిన పోలిక ఒకటి చెప్పెదను. చెఱువు క్రింద చివరిమడికి నీరు అందలేదనుకొనుడు. పైమడులవారందఱు ఒకేసారి నీరు కట్టుకొని యుండవచ్చును. లేదా, ముందుగ ఒప్పుకొనిన మన వంతు ముగిసి యుండవచ్చును. లేదా, నీరుగంటి ఎవరికిని చెప్పక తూము బిగించి యుండవచ్చును. మూడింటను మడి ఎండుట ఒక్కటే. కాని మొదటిదానికి నీరుగంటిని నిందించుట అన్యాయము; మూడవదానిని సహించుట అవివేకము. ఫోను వేగము విషయమునను ఇట్లే విడదీసి చూడవలెను.

మొదటిది రద్దీ. ఒక టవరునకు గల శక్తిని దాని పరిధిలోని వారందఱు పంచుకొనవలసినదే. హోసూరు కర్మాగారములకు పోయినవారు సాయంకాలము ఇండ్లకు చేరి ఒకేసారి ఫోనులు తెఱచినచో ఒక్కొక్కరి పాలు చిన్నదగును. దీనికి తోడు మన చుట్టునుండు రాతిగుట్టలు సంకేతమును అడ్డగించును. మందపు గోడలును దానిని బలహీనపఱచును. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. అయినను, జనము పెరిగినప్పుడు టవర్లను పెంచవలసిన బాధ్యత కంపెనీలదే.

రెండవది ఒప్పందము. అనేక పథకములలో దినమునకు ఇంత యని డేటా నిర్ణయింపబడి యుండును. అది ముగిసిన పిదప వేగము సెకనుకు 64 కిలోబిట్లకు తగ్గునని చిన్న అక్షరములతో వ్రాయబడి యుండుట సామాన్యము. 64 కిలోబిట్లనగా 8 కిలోబైట్లు. 30 మెగాబైట్ల పాఠమొకటి సెకనుకు 4 మెగాబిట్ల వేగమున ఒక్క నిమిషములో దిగును. 64 కిలోబిట్ల వేగమున గంటకు పైగా పట్టును. ఇది ఉద్దేశపూర్వకమైన తగ్గింపే. కాని ముందుగ చెప్పి చేసిన తగ్గింపు.

మూడవది చెప్పక చేసిన తగ్గింపు. ఇట్టిది లోకమున జరుగలేదని చెప్పజాలము. అమెరికాలో ఏటీ అండ్ టీ యను కంపెనీ, పరిమితి లేని డేటా యని పథకములను అమ్మి, 2011 నుండి కొంత వాడుక దాటినవారి వేగమును తగ్గించినది. ఆ సంగతిని తగినట్లు తెలుపలేదని అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో వ్యాజ్యము వేసెను. 2019లో ఆ కంపెనీ 6 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. ఆ వ్యాజ్యమునకు మూలము తగ్గింపు మాత్రమే కాదు, దానిని దాచుట.

మన దేశమున ట్రాయ్ అని పిలువబడు టెలికాం నియంత్రణ సంస్థ 2017లో చేసిన సిఫారసులను కేంద్ర ప్రభుత్వము 2018లో ఆమోదించినది. వాటి ప్రకారము ఏ విషయమునైనను ఎంచి అడ్డగించుట, ఎంచి మందగింపజేయుట, ఎంచి ముందునకు పంపుట కూడదు. 2020 జూలైలో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కంపెనీలు అధిక ధర చెల్లించువారికి మిన్నయైన వేగము ఇత్తుమనగా, తక్కినవారి సేవ దానివలన తగ్గదా యని ట్రాయ్ ప్రశ్నించి ఆ పథకములను నిలుపుమనెను.

ప్రభుత్వాజ్ఞ వలనను వేగము తగ్గవచ్చును. జమ్ము కాశ్మీరమున 2020 జనవరిలో మొబైలు డేటా తిరిగి ఇయ్యబడినను, అధిక భాగమున 2021 ఫిబ్రవరి వరకు 2జీ వేగమే అనుమతింపబడినది. తెలుగునాట కోనసీమలో 2022 మే నెలలో అల్లర్ల పిదప అంతర్జాలమే నిలుపబడినది. ఇట్టి ఆజ్ఞలను ప్రకటింపవలెనని సుప్రీంకోర్టు 2020 జనవరి 10వ తేదీన అనూరాధా భసీన్ వ్యాజ్యమున తీర్పు చెప్పియుండెను. కంపెనీకైనను, ప్రభుత్వమునకైనను ధర్మము ఒక్కటే: తగ్గింపదలచినచో బాహాటముగ చెప్పవలెను.

మఱి మన ఊరి సంగతి యేమి? ఊహలతో తృప్తిపడక, మా యింట పది దినములు ఒక నోటుపుస్తకమును నడపితిమి. ట్రాయ్ వారి మైస్పీడ్ అను సాధనముతో మా అమ్మాయి తెల్లవారుజామునను, మధ్యాహ్నమునను, రాత్రి ఎనిమిది గంటలకును ఒకే చోట వేగమును కొలిచి వ్రాసెను. రెండు కంపెనీల సిమ్ములను చూచితిమి. తెల్లవారుజామున రెండును చురుకుగ నుండెను. రాత్రి రెండును మందగించెను. మిద్దెమీద కొలిచినప్పుడు కొంత మెఱుగయ్యెను. దినపు వంతు ముగిసినట్లు సందేశము వచ్చిన దినమున మాత్రము ఏ వేళనైనను వేగము పడిపోయెను. ఈ పుస్తకమును బట్టి చూడగా మా యింటివరకు తగ్గుదలకు రద్దీయు, ఒప్పందమును కారణములుగ తోచుచున్నవి. రహస్యపు చేయి కనబడలేదు. కాని ఒక యింటి పుస్తకము ఊరంతటికి సాక్ష్యము కాజాలదు.

కావున విద్యార్థులారా, మీరును కొలువుడు. తేది, వేళ, చోటు, కంపెనీ, మిగిలిన డేటా, వేగము అని ఆఱు గడులు గీయుడు. వంతు మిగిలియుండగా, రద్దీ లేని వేళ, ఒకే కంపెనీ వారి వేగము అందఱ యిండ్లలోను పడిపోయినచో, లేక తక్కినవన్నియు త్వరగా వచ్చుచు ఒక విధమైన విషయము మాత్రమే ఆలస్యమైనచో, అప్పుడు అనుమానమునకు ఆధారము దొరకినట్లు. టవరు మరమ్మతునకు వచ్చినదేమో మొదట విచారింపుడు. తల్లిదండ్రులు 198 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించి, దాని సంఖ్యను భద్రపఱుపవలెను. సమాధానము చాలనిచో ఆ కంపెనీ అప్పీలు అధికారికి విన్నవింపవచ్చును.

అల్పసంఖ్యాకులమైన మన ఫిర్యాదును పెద్ద కంపెనీలు వినునా యని కొందఱు నిరాశ చెందవచ్చును. వేగము చాలలేదని ఒకరు అన్నచో అది గొణుగుడుగనే మిగిలిపోవును. నలువది యిండ్ల పిల్లలు నెలదినములు కొలిచి వ్రాసిన లెక్కను త్రోసివేయుట ఎవరికైనను కష్టము. ఆ లెక్కను తెలుగు అంకగణితముతోనే వేయవచ్చును. రానున్న సోమవారము మొదటి గడి నింపుడు.