ఒక్క రోజులో సముద్రం: పర్సుడీహ్ లెక్క

జార్ఖండ్‌కు తీరం లేదు. అక్కడి వారికి సముద్రమంటే పొరుగు రాష్ట్రపు విషయం. జంషెడ్‌పూర్‌ను ఒరుసుకొని పారే సువర్ణరేఖ మాత్రం 395 కిలోమీటర్ల ప్రయాణం ముగించుకొని ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లాలో, తల్సారీకి సమీపాన బంగాళాఖాతంలో కలుస్తుంది. నదికి సెలవు దరఖాస్తు అక్కరలేదు, మరునాటి ఉదయపు షిఫ్టుకు తిరిగి రావలసిన పనీ లేదు. ఆ నది ఒడ్డున బతికే మనిషికి ఈ రెండూ ఉన్నాయి. అందువల్లనే ఒక్క రోజులో సముద్రం చూసి రావడం సాధ్యమా, సాధ్యమైనా సముచితమా అన్న ప్రశ్న అతడికి విహార సంబంధమైనది కాదు, జీవన సంబంధమైనది.

ఈ ప్రశ్న 2025 కార్తీకమాసంలో పర్సుడీహ్‌లోని ఒక తెలుగు ఇంట్లో పుట్టింది. పర్సుడీహ్ టాటానగర్ స్టేషనుకు ఆవలి వైపున ఉన్న పేట. 1907లో పుట్టిన ఉక్కు కంపెనీ చుట్టూ, 1919లో జంషెడ్‌జీ పేరు పెట్టుకున్న ఊరు అల్లుకున్నప్పుడు శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు కొలిమి పనికి తరలివచ్చాయి. బిష్టుపూర్‌లో వారు కట్టుకున్న రామమందిరం నేటికీ ఉంది. పర్సుడీహ్ మాత్రం కంపెనీ లీజు హద్దుకు వెలుపలిది. లోపలి వీధులకు నీళ్లు, దీపాలు కంపెనీ చూసుకుంటుంది. వెలుపలి వీధులు పంచాయతీలకు, దైవానికి మిగిలిపోయాయి. ఎవరో చూసుకుంటారన్న భరోసా లేకుండా బతకడం నేర్చిన పేట కనుక, విహారయాత్రకు సైతం అక్కడి వారు ముందుగా ప్రమాదాలు లెక్క వేస్తారు.

ఆ ఇంటి పెద్ద ఒక గుత్తేదారు కింద పనిచేసే మనిషి. వారానికి ఒక్క రోజు, బుధవారం, సెలవు. తల్లికి డెబ్బై ఎనిమిదేళ్లు. బారువ సమీపంలోని తీరగ్రామంలో పుట్టి, కోడలిగా ఉక్కు పట్టణానికి వచ్చి, అరవై ఏళ్లుగా పొగగొట్టాల నీడన కాపురం చేసింది. కార్తీక పున్నమినాడు సముద్రస్నానం చేయాలన్నది ఆమె కోరిక. "మూడ్రోజులెందుకురా, ఒక్క ములుగు ములిగి వచ్చేద్దుం" అన్నది ఆమె బేరం. పున్నమి నవంబరు 5న, సరిగ్గా బుధవారమే వచ్చింది. కొడుక్కి ఇంతకన్న మంచి ముహూర్తం దొరకదు. ఇరుగు పొరుగు వారు ఏకకంఠంతో చెప్పిన పేరు దీఘా.

దీఘా కొత్తగా ప్రసిద్ధికెక్కిన ఊరు కాదు. వారన్ హేస్టింగ్స్ దీన్ని తూర్పు దేశపు బ్రైటన్ అన్నాడని చెప్పుకొంటారు. స్వాతంత్ర్యానంతరం బిధాన్‌చంద్ర రాయ్ హయాంలో విహారస్థలంగా రూపుదిద్దుకుంది. 2004లో తమ్‌లుక్ నుంచి రైలు మార్గం వచ్చాక కలకత్తా మధ్యతరగతికి అది వారాంతపు పెరడుగా మారింది. పాత దీఘాలో ఒడ్డుకు బండరాళ్లు, కాంక్రీటు గోడ. పోటు వేళ అక్కడ ఇసుక కనిపించదు, అలలు నేరుగా గోడను తాకి ఎగిసిపడతాయి. ఆ తుంపరలో తడవడానికి జనం గోడ మీదనే గుమిగూడతారు. కొత్త దీఘాలో ఇసుక మేర కొంత విశాలం, జనమూ అంతకు తగినంత విశాలం. 2025 ఏప్రిల్ 30న, అక్షయ తృతీయనాడు, దీనికి జగన్నాథాలయం తోడైంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సుమారు 250 కోట్ల రూపాయల ప్రజాధనంతో కట్టించిన ఆ ఆలయాన్ని మమతా బెనర్జీ ప్రారంభించారు. దాన్ని 'ధామం' అనవచ్చునా అన్న విషయమై ఒడిశా ప్రభుత్వం అభ్యంతర లేఖ రాసింది. పేరు మీద రెండు రాష్ట్రాలకు పంతం వచ్చింది. వచ్చే భక్తుల్లో ఎంతమంది తిరిగి ఏ దారిన పోతారన్న విషయమై ఎవరికీ పంతం రాలేదు.

అదే ఏప్రిల్ 30న, అదే అక్షయ తృతీయనాటి తెల్లవారుజామున, సింహాచలంలో చందనోత్సవానికి బారులు తీరిన భక్తుల మీద కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు మరణించారు. జూన్ 29న పూరీలో గుండిచా ఆలయం వద్ద తొక్కిసలాటలో ముగ్గురు పోయారు. ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పారు, కలెక్టరును, ఎస్పీని బదిలీ చేశారు. బదిలీ అనేది మన పాలనలో ప్రాయశ్చిత్తానికి అధికారిక నామం. పర్సుడీహ్ ఇంట్లో ప్రయాణపు మాటలు నడుస్తుండగా, నవంబరు 1న, ఏకాదశినాడు, ఆ తల్లి సొంత జిల్లాలోని కాశీబుగ్గ వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. వారిలో అత్యధికులు స్త్రీలు. ఆలయం ప్రైవేటుదనీ, నిర్వాహకులు ముందుగా తెలపలేదనీ ప్రభుత్వం వివరించింది. సొంత జిల్లా వార్త కనుక ఆ ఇంట్లో ఎవరూ దాన్ని గణాంకంగా వినలేదు.

తీరానికి, గుడికి సంబంధమేమిటని అడగవచ్చు. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరంలో వాయుసేన విన్యాసాలు జరిగాయి. ఆదివారం, ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు. వచ్చినవారందరూ ఒక్కపూట కోసం ఇంటి నుంచి బయలుదేరినవారే. గోడ కూలలేదు, అల ఎత్తుకుపోలేదు. ఎండ, దాహం, లక్షలాది మంది ఏకకాలంలో ఇంటిముఖం పట్టడం: ఇంతే జరిగింది. ఐదుగురు మరణించారు. వందల కొద్దీ ఆసుపత్రి పాలయ్యారు. రద్దీ తీరంలో ఒక్కరోజు యాత్రికుడికి గండం వెళ్లేటప్పుడు ఉండదు, తిరిగి వచ్చేటప్పుడు ఉంటుంది. వెళ్లేవారు విడివిడిగా వెళతారు, తిరిగేవారు ఒక్కుమ్మడిగా తిరుగుతారు. ప్రభుత్వాలు మాత్రం వచ్చినవారి సంఖ్యనే ఘనతగా ప్రకటిస్తాయి. ఎంతమంది ఎన్ని గంటల్లో క్షేమంగా వెళ్లిపోగలిగారన్న లెక్కను ఏ మంత్రీ పత్రికా సమావేశంలో చదివిన దాఖలా లేదు.

కనుక ఆ లెక్కను కుటుంబమే వేసుకోవలసి వచ్చింది. దారి ఎంత బాగున్నా దీఘాకు ఐదు గంటలకు తక్కువ పట్టదు. రానూపోనూ పది. భోజనం, దారి మజిలీలు పోగా ఇరవై నాలుగు గంటల్లో తీరం మీద మిగిలేవి ఆరో ఏడో గంటలు. వాటిలో బండి నిలిపే చోటు వెతకడం, వృద్ధురాలికి మరుగుదొడ్డి వెతకడం తీసివేస్తే మిగిలేది ఎంత? సాధారణ బుధవారమైతే ఆ శేషం చాలు. నవంబరు 5 సాధారణ బుధవారం కాదు. గురునానక్ జయంతి కూడా కావడంతో దేశమంతటా సెలవు. ఒడిశాలో బొయిత బందాణ, అంటే ప్రాచీన నావికుల యాత్రాస్మరణగా వేకువజామునే చిన్న పడవలు నీట వదిలే పండుగ. అన్ని దారులూ ఆనాడు నీటివైపే.

మరొక సంగతి పంచాంగంలో కనిపిస్తూనే ఉంటుంది గాని ఎవరూ పట్టించుకోరు. మన పుణ్యస్నానాల తిథులు ఎక్కువగా పున్నమి, అమావాస్యలు. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే రేఖ మీద కలిసే ఆ రోజుల పరిసరాల్లోనే పోటు అత్యధికంగా ఉంటుంది. పైగా ఆ నవంబరు పున్నమి చంద్రుడు ఆ ఏడాదిలోకెల్లా భూమికి అతి సమీపాన ఉన్న పున్నమి చంద్రుడు. అంటే జనం అత్యధికమైన రోజే నీరూ అత్యధికం, ఇసుక అత్యల్పం. ఈ శాస్త్రం రహస్యమేమీ కాదు. హైదరాబాదులోనే ఇంకాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది. అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు తీర రాష్ట్రాలన్నిటికీ అక్కడి నుంచే వెళతాయి. ఆ హెచ్చరిక జాలరి దాకా చేరుతున్నది, మెచ్చదగిన సంగతి. తీరం లేని రాష్ట్రం నుంచి తెల్లవారుజామున బండి దిగే కుటుంబం దాకా చేర్చే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

తీరం మీద ఆ కుటుంబానికి దిక్కు చివరికి నూలియా. పూరీలో మొనదేలిన టోపీ పెట్టుకొని యాత్రికుల చేయి పట్టి అలల్లోకి తీసుకువెళ్లే నోలియాలు ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన తెలుగు మత్స్యకారులు. పెంఠకొటాలో వారి బస్తీ నేటికీ తెలుగు మాట్లాడుతుంది. ఆ మాటే దీఘా దాకా పాకి, అక్కడి తీర రక్షకులను జనం నూలియాలనే పిలుస్తారు. దేశం సముద్రంలో స్నానం చేయడానికి పేదవాడి భుజాన్ని ఆనుకుంది. ఆ భుజానికి శిక్షణ, జీతం, భద్రత ఇవ్వడానికి మాత్రం ఇంకా మీనమేషాలు లెక్కిస్తూనే ఉంది.

ఇంతకూ ఏమి తేలింది? దీఘా ఒక్కరోజు యాత్రకు పనికిరాదని కాదు. పండుగనాడు, వారాంతంలో, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా నడివయస్కులు గల గుంపులకు సరే, మోకాళ్ల నొప్పుల వృద్ధురాలికి కాదు. కొడుకు చాందీపూర్‌ను ఎంచుకున్నాడు. బహరాగోడా కూడలిలో ఎడమకు తిరిగితే ఖరగ్‌పూర్, దీఘా. కుడికి తిరిగితే బారిపదా, బాలేశ్వర్, అక్కడి నుంచి చాందీపూర్. రోజుకు రెండుసార్లు సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోయి, తిరిగి ఒడ్డుకు వచ్చే విచిత్ర తీరమది. ఆటుకు వెళితే ఆ తల్లి నీటి దాకా నడవలేదు. పోటుకు వెళితే నీరే ఆమె కాళ్ల దగ్గరికి వస్తుంది, లోతులేని నీరు, ఉధృతి లేని అల. అర్ధరాత్రి బయలుదేరాలా, తెల్లవారాక బయలుదేరాలా అన్నది పోటు పట్టికను బట్టి నిర్ణయం.

తిథి మార్చడానికి తల్లి ఒప్పుకోదని కొడుకు భయపడ్డాడు. ఆమె కాశీబుగ్గ వార్త విన్న మనిషి. "కార్తీకమాసం నెల్లాళ్లూ కార్తీకమాసమేరా" అన్నది. మరుసటి బుధవారం నవంబరు 12, బహుళ అష్టమి, చంద్రుడు సగమయ్యే రోజు, పోటు మందగించే రోజు. ముందునాడు, 11న, దారిలోనే ఉన్న ఘాట్‌శిలా నియోజకవర్గంలో ఉపఎన్నిక పోలింగు. రాందాస్ సోరెన్ మరణంతో ఖాళీ అయిన స్థానమది. వారాల తరబడి ఆ రహదారి మీద నేతల వాహనశ్రేణులు తిరిగాయి. గిరిజన అస్తిత్వం నుంచి చొరబాటుదారుల దాకా మాట్లాడని విషయం లేదు. ఆ రహదారి చివర ఏముందో, అక్కడికి వెళ్లివచ్చే మామూలు మనిషికి ఏ భద్రత ఉందో ప్రస్తావనకు రాలేదు. ఓటు గలది సముద్రానికి కాదు గదా.

బండి 12కు మాట్లాడారు. చాందీపూర్ క్షిపణి పరీక్షా కేంద్రం కూడా. పరీక్ష ఉన్నప్పుడు చుట్టుపక్కల పల్లెల వారిని తాత్కాలికంగా ఖాళీ చేయిస్తారు. ఆ బుధవారం అటువంటిదేమైనా ఉన్నదీ లేనిదీ బాలేశ్వర్‌లో తెలిసినవారికి ఫోను చేసి కనుక్కోవలసిన పని ఒక్కటి మిగిలింది.