మా లడ్డూ విలువ ఎంత?

పోయినేడు జూలై నాలుగో తేదీ రాత్రి టపాకాయల మోతకి బెదిరిపోయి, మా లడ్డూ పెరటి గేటు సందులోంచి దూరి పారిపోయాడు. లడ్డూ అంటే మా కుక్క. ఏ జాతో మాకూ తెలీదు. ఆరేళ్ళ క్రితం ఇక్కడి షెల్టర్ నుంచే తెచ్చుకున్నాం. మేముండేది డాలస్ పక్కన.

ఆ రాత్రి మావారూ, మా అమ్మాయీ టార్చిలైట్లు పట్టుకుని వీధులన్నీ తిరిగారు. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి నెలైంది. "కుక్కని ఇంట్లోకి రానిస్తారటే ఎక్కడైనా" అని రోజూ సణిగే ఆవిడ ఆ రాత్రి గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు.

మర్నాడు సాయంత్రం షెల్టర్ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టిన ఫోటోల్లో వాడు కనిపించాడు. పరిగెత్తాం. మమ్మల్ని చూసి గ్రిల్ వెనక ఒకటే గెంతులు. కానీ చేతికివ్వలేదు. రేబిస్ టీకా కాగితం మేం తీసుకెళ్ళలేదు. చిప్‌లో ఉన్నది మా పాత ఫోన్ నంబరు. మూసేసే వేళైంది. "పొద్దున్నే రండి, మీదేనని రాసి పెడతాను" అని అక్కడి అమ్మాయి ఒక కార్డు రాసి గ్రిల్‌కి తగిలించింది. దొరికాడు కదా అన్న సంతోషంతో ఇంటికొచ్చేశాం.

విషయం విన్న పక్కింటి పెద్దావిడ ముఖం మాత్రం వాడిపోయింది. "ఏవరీ కథ మీకు తెలీదా?" అంది.

ఏవరీ అన్నది ఫోర్ట్‌వర్త్‌లో ఒక కుటుంబం పెంచుకున్న కుక్క. 2009లో పెరట్లోంచి తప్పించుకుంటే సిటీ వాళ్ళు పట్టుకెళ్ళారు. ఇంటాయన వెళ్ళి గుర్తుపట్టాడు. కట్టాల్సిన ఫీజుకి సరిపడా డబ్బు ఆ పూట చేతిలో లేదు. మళ్ళీ వచ్చి తీసుకెళ్ళమన్నారు. యజమాని కోసం ఉంచాలని బోనుకి ట్యాగ్ కూడా కట్టారు. అయినా ఒక ఉద్యోగిని పొరపాటున ఏవరీని ఇంజెక్షన్ ఇచ్చి చంపేసే జాబితాలో చేర్చింది. వాళ్ళు డబ్బు తీసుకుని వెళ్ళేసరికి కుక్క లేదు.

వాళ్ళు ఆ ఉద్యోగిని మీద దావా వేశారు. కింది కోర్టు కొట్టేసింది. 2011లో అప్పీలు కోర్టు వాళ్ళ వైపు మాట్లాడింది. 2013లో టెక్సస్ సుప్రీంకోర్టు దాన్ని తిప్పేసింది. చట్టం దృష్టిలో కుక్క ఆస్తి. పోతే మార్కెట్ ధర, లేదంటే అది చేసే పనికి తగ్గ విలువ ఇప్పించవచ్చు. మమకారానికి మాత్రం లెక్క కట్టేది లేదు. ఈ సూత్రం 1891 నాటిది.

ఆ రాత్రి ఎలాగూ నిద్ర పట్టలేదు. కూర్చుని ఆ తీర్పు చదివాను. నాకు గుచ్చుకున్న సంగతి ఇంకోటుంది. ఇదే టెక్సస్‌లో 1963లో, అగ్నిప్రమాదంలో కాలిపోయిన అమ్మమ్మగారి పెళ్ళి ముసుగు లాంటి వస్తువులకి మమకారపు విలువ కూడా లెక్కేయొచ్చని ఇదే కోర్టు చెప్పింది. అంటే నా బీరువాలో ఉన్న మా అమ్మ పెళ్ళి పట్టుచీర ఎవరి నిర్లక్ష్యం వల్లనైనా కాలిపోతే నా బాధకి ఓ విలువ ఉండొచ్చు. లడ్డూ పోతే లేదు. ఊరూ పేరూ తెలీని జాతి కుక్కకి మార్కెట్లో ధరేముంటుంది? సున్నా.

కోర్టు వాదన కొట్టిపారేసేదేం కాదు. ఇలాంటి దావాలు ఒప్పుకుంటే పశువైద్యుల ఖర్చులు పెరుగుతాయి, చివరికి జంతువులకే వైద్యం అందదు అంది. ఇక్కడ సొంత తోబుట్టువు పోయినా ఆ ఎడబాటుకి పరిహారం లేదు, కుక్కకెలా ఇస్తాం అంది. మార్చాలంటే శాసనసభే మార్చాలంది. టెనెసీ రాష్ట్రం 2000లో అలాంటి చట్టం చేసింది కూడా. పెంపుడు జంతువు అన్యాయంగా చనిపోతే కొన్ని వేల డాలర్ల పరిమితిలో, ఆ తోడు పోయినందుకు పరిహారం అడగొచ్చు. కానీ జంతు సంక్షేమం పని చేసే ప్రభుత్వ సంస్థలకీ, లాభాపేక్ష లేని సంస్థలకీ మినహాయింపు ఇచ్చారు. అంటే షెల్టర్లు అక్కడా తప్పించుకున్నట్టే.

నాకు లాయరు తెలివితేటల్లేవు. వంటింటి లెక్క మాత్రం తెలుసు. పాలు పొంగితే స్టవ్వు తుడుచుకోవాల్సింది నేనే కాబట్టి గిన్నె దగ్గర నిలబడతాను. తుడిచే పని ఎవరికీ లేకపోతే ఎవరు నిలబడతారు? జీతానికి పనిచేసే ఒక అమ్మాయి బతుకు బజారున పడాలని నేననను. రోజూ ఎన్ని దిక్కులేని జీవాల్ని చూస్తారో వాళ్ళు. జవాబు చెప్పాల్సింది సంస్థ. ఇంజెక్షన్ ఇచ్చే ముందు చిప్ మళ్ళీ చూడాలి, ట్యాగ్ చూడాలి, ఇద్దరు సంతకం పెట్టాలి. అలా చేయకపోతే ఆ కుటుంబానికి సంస్థే పరిహారం కట్టాలి. ఒక కార్డు ముక్క మీద ప్రాణాన్ని వదిలేసి రావడం ఎంత భయమో ఆ రాత్రి నాకు తెలిసింది.

పొద్దున్న తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాం. కార్డు అలాగే వేలాడుతోంది. లడ్డూ దాని కిందే పడుకుని ఉన్నాడు. ఫీజు కట్టి తెచ్చుకున్నాం.

"ఎంతైందే?" అన్నారు అత్తయ్యగారు. చెప్పాను. డాలర్లని రూపాయల్లోకి మార్చుకోనిదే కొత్తిమీర కట్ట కూడా కొననివ్వని మనిషి, ఆ రోజు లెక్క అడగలేదు. పెరుగన్నం కలిపి వాడి గిన్నెలో పెట్టారు.

మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే, ఇవాళే చిప్‌లో మీ ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. టీకా కాగితం ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. చట్టం మారేదాకా మన జాగ్రత్త మనదే.