నెత్తిన దీపము, నడుమున నాణెము

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి కోదాడ దాటి, పాలేటి వంతెనమీదుగా ఆంధ్రదేశమున ప్రవేశించునప్పటికి, డెల్టా పచ్చదనమునకు అలవాటుపడిన కన్నులకు ఇదియు కృష్ణాతీరమేనా యన్న సందేహము కలుగును. సాగరు ఎడమకాలువ నీరందినచోట వరి, అందనిచోట మిరపయు పత్తియు, నడుమనడుమ సున్నపురాతి గనులు, వాని నాశ్రయించి వెలసిన సిమెంటు కర్మాగారముల పొగగొట్టములు: ఇది మెట్టసీమ. 2022లో జిల్లాల విభజన జరిగి జగ్గయ్యపేట, నందిగామలు ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి గాని, బస్సులో నా ప్రక్కన కూర్చున్న పెద్దాయన మాత్రము తన ఊరు కృష్ణాజిల్లాయనియే చెప్పెను. నేనును సవరింపలేదు.

ఆయన నా వృత్తి యేమని యడిగెను. బెల్లీ డాన్సు అంటిని. మనవారి కెవరికైనను ఈ మాట చెప్పినచో ముందుగా సినీనర్తకులు జ్యోతిలక్ష్మి, జయమాలినులు జ్ఞప్తికి వత్తురు. ఆ మీదట మాట మార్చుదురు. ఆయనయు అట్లే పత్తి ధర యెత్తుకొనెను. ఈజిప్టు దేశమున పెండ్లిండ్లలోను, ఇండ్ల ముంగిళ్ళలోను స్త్రీలు ఆడుకొను ఆటకు 1926లో కైరో నగరమున బదీయా మసాబ్నీ యను నటి తన నాట్యశాలలో వేదిక కల్పించెననియు, తాహియా కారియోకా, సామియా గమాల్ వంటి ప్రసిద్ధ నర్తకులు ఆ శాలలో ఆడినవారేననియు ఆయనకు చెప్పవలెనని యుండెను. కాని పత్తి ధర నిజముగనే ఘోరముగా నుండెను, ఆ సంగతియే వింటిని.

ఈ నృత్యమునకు ఆయువుపట్టు నిలుకడ. నడుము వలయములు తిరుగుచుండగా ఎదభాగము కదలరాదు. ఎద కదలునప్పుడు నడుము కదలరాదు. మోకాళ్ళు కొంచెము సడలించి, పిఱుదులను వెనుకకు త్రోయక, బొడ్డు క్రిందిభాగమును లోనికి పట్టి, దేహభారమంతయు నిలిచిన కాలి అరికాలిమీదికి దింపినగాని రెండవప్రక్క తుంటి స్వేచ్ఛగా ఆడదు. ఇది కొన్నియేండ్ల సాధనతో శరీరమున కబ్బును. మనస్సున కబ్బుటయే దుర్లభము. విందుశాలలో ఎవడో ఒకడు ఐదువందల నోటును గాలిలోనికి విసరును, చూపు ఆ నోటు వెంట పోవును, చూపు పోయిన దిక్కునకు మెడయు, మెడ వెంట భుజమును, భుజము వెంట బరువును పోవును, అరికాలు ఖాళీయగును. చూచువారి కది తెలియకపోవచ్చును, ఆడుదానికి తెలియును. ఇట్టి విందుశాలలలోనే ఏడాది గడచిన పిమ్మట నాలుగుదినములు సెలవు పెట్టి నందిగామలోని మేనత్త యింటికి బయలుదేరి, దారిలోనే యుండుటచేత జగ్గయ్యపేటలో దిగితిని.

ఈ పేటను కట్టించి తండ్రియైన జగ్గయ్య పేరు పెట్టినవాడు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. కృష్ణకు ఆవలియొడ్డున అమరావతిని రాజధానిగా జేసికొన్నవాడును ఈయనయే. ఆయన పట్టణములు రెంటికిని బౌద్ధస్తూపములు సమీపముననే యుండుట చరిత్ర చేసిన చిత్రము. ఇచటి స్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించెను. మిరపకాయల ఘాటు నిండిన బజారునుండి ఆటోలో అచటికి పోయితిని. నేడు మిగిలినది గుండ్రని దిబ్బ, దాని నానుకొనియున్న సున్నపురాతి పలకలు. పేరొందిన శిల్పము చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినది. దానిని నేను మునుపే అచట చూచియుంటిని గనుక, ఇచట ఖాళీస్థలమునందు దానిని ఊహించుకొనుట కష్టము కాలేదు.

ఆ పలకమీద మాంధాత చక్రవర్తి నిలుచుండును. ఏనుగు, గుఱ్ఱము, చక్రము, మణి మొదలైన సప్తరత్నములు చుట్టునుండును, కుడిచేయి పైకెత్తియుండును, మేఘమునుండి చతురస్రాకారపు నాణెములు వానగా రాలుచుండును. జాతకకథలో ఈ రాజు ఎడమచేయి పిడికిలిపట్టి కుడిచేత తాకినంతనే మోకాలిలోతు రత్నవర్షము కురియునట. భూమి చాలక స్వర్గమునకు పోయెను. ఇంద్రుడు సగము రాజ్యమిచ్చెను. ముప్పదియాఱుగురు ఇంద్రులు మారినను ఆయన కదలలేదు. కట్టకడపట మిగిలిన సగముకూడ కావలెనని కోరిన క్షణమున వార్ధక్యము పైబడి, తన తోటలోనే నేలబడెను. శిల్పి ఆ పతనమును చెక్కలేదు, వర్షమును మాత్రమే చెక్కెను. కథ తెలిసినవాని కది చాలును.

మావృత్తిలో నాణెములు ఆకాశమునుండి రావు. నడుమునకు కట్టు పట్టీకి వరుసలుగా కుట్టియుండును. తుంటి సరిగా దిగినచో ఆ వరుస ఒక్కసారిగా ఘల్లుమనును. అరక్షణము ఆలస్యమైనచో చెదరిన చప్పుడు చేయును. ప్రేక్షకుని మెప్పునకు అబద్ధమాడుట తెలియును గాని ఆ పట్టీకి తెలియదు. ఇట్టి పనివాని గుఱుతు జగ్గయ్యపేట స్తూపముకడనే యున్నది: దాని తూర్పువాకిట ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ పాలనావత్సరమున ఐదు ఆయకస్తంభములను నిలిపినవాడు సిద్ధార్థుడను శిల్పియని శాసనము చెప్పుచున్నది. చక్రవర్తి పడిన కథ యున్నచోటనే ఒక పనివాడు తన పేరుతో స్తంభములు నిలిపినాడు. నే నెవరిప్రక్క నిలువవలెనో నిర్ణయించుకొనుటకు నాకు ఎక్కువసేపు పట్టలేదు.

అచటినుండి మునేటియొడ్డున నున్న పెనుగంచిప్రోలు పోయితిని. ఆ యూరి గుడిలోని తిరుపతమ్మ తల్లి, గోపయ్యస్వాముల విగ్రహములకు రంగులు వేయించుటకు రెండేండ్ల కొకసారి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తీసికొనివచ్చుట ఈప్రాంతపు ఆచారము. కనుక ఈ రెండూళ్ళకును చుట్టరికము పాతది. నేను పోయిననాడు తిరునాళ్ళు లేవు గాని, మ్రొక్కు తీర్చుకొనుటకు వచ్చిన కుటుంబ మొకటి డప్పులతో నడచుచుండెను. ముందు అరువదియేండ్ల స్త్రీ నెత్తిన గండదీపము. చుట్టకుదురుమీద కుండ, కుండమీద వెలుగుచున్న ప్రమిద. ఒక చేయి మాత్రము అప్పుడప్పుడు కుండను తాకి వచ్చుచుండెను. డప్పుమోత కామె నడుము చక్కగా ఊగుచుండెను. ఆ ఊపు పక్కటెముకల కడ ఆగిపోయినది. పైన మెడ కదలలేదు, జ్వాల వంగలేదు. క్రింద ఎండకు కాలిన బండలమీద కాలివ్రేళ్ళు ఒక్కొక్కటియే పఱచుకొని, బరువు పూర్తిగా దిగిన తరువాతనే రెండవకాలు లేచుచుండెను.

కైరో పెండ్లియూరేగింపులలో నర్తకి వెలుగుచున్న క్రొవ్వొత్తుల దీపస్తంభమును నెత్తిన బెట్టుకొని వధూవరుల ముందు ఆడుచు పోవును. దానిని షమాదాన్ అందురు. నేను దానిని అద్దము ముందు నెలలతరబడి సాధించితిని. ఇదే కృష్ణ దిగువన కూచిపూడివారు తరంగమాడునప్పుడు ఇత్తడి పళ్లెపు అంచుల నెక్కి, నెత్తిన నీళ్ళచెంబుతో లయకు పళ్లెమును నడిపింతురు. మూడుచోట్లను విద్య ఒక్కటే: పైనున్న దానిని కాపాడునది క్రిందనున్న పాదము. మ్రొక్కు తీరి, అరుగుమీద కూర్చుండి మజ్జిగ త్రాగుచున్న ఆమెను సమీపించి, దీపము పడునేమోయన్న భయము లేదా యని యడిగితిని.

“దాని గురించి అనుకుంటే పడుద్దమ్మా. నెత్తిమీద ఏవుందో మర్చిపోయి కాలికింద ఏవుందో చూసుకోవాల.”

“అంతమంది చూస్తా ఉంటే?”

“చూడనీ. ఆళ్ళు నన్నా చూసేది? అమ్మోరి దీపాన్ని.”

ఈ రెండవమాట నాకు మిక్కిలి నచ్చినది. ఎందరు చూచినను ఆమె తనను చూపించుకొనుటలేదు. ఒక పని చేయుచున్నది, ఆ పని చూడదగినది. విందుశాలకును గుడిముంగిలికిని గల భేదము భక్తియేయని నే ననను. భక్తి లేనివారును ఈ దృష్టిని అలవరచుకొనవచ్చును. చూపు నిలుపుటకు ఒక పని కావలెను. నాకు ఆ పని డోలు దెబ్బ, దానికి జవాబు చెప్పవలసిన తుంటి.

సాయంకాలమునకు నందిగామ చేరితిని. మేనత్త యింటిమేడమీద, ప్రక్కయింటివారి వడియముల గుడ్డను ఒక మూలకు జరిపి, పాట లేకుండ, నాణెముల పట్టీ మాత్రము కట్టుకొని గంటసేపు సాధన చేసితిని. అత్తయ్య మెట్లమీద నిలిచి కొంతసేపు చూచి, ఏమియు ననక క్రిందికి పోయెను. భోజనములవేళ మాత్రము గోంగూర వడ్డించుచు అసలు విషయము బయటపెట్టెను.

“మాఘమాసంలో మన చిన్నోడి పెళ్ళి. సంగీత్ అంటన్నారు. నువ్వు ఆడతావా ఏంటి?”

“ఆడతాను గానీ అత్తయ్యా, ఎవరూ నోట్లు చల్లకూడదు. నాకివ్వాల్సింది ముందే మాట్లాడుకుందాం, కవర్లో పెట్టి ఇవ్వండి.”

అత్తయ్య నా కంచములో మరికొంచెము నెయ్యి వేసి, వేలు గిన్నె అంచుకు తుడిచికొని అనెను: “చల్లితే చల్లనీవే. ఒక్క నోటు వదలకుండా నేనే ఏరి, చల్లినోడి పేరుమీద చదివింపుల్లో రాయిస్తా.”