రెండు కోటలు – రెండు గుడారాలు

రాత్రి భోజనాలు ముగిసిన తరువాత జంగం కథకుడు తంబురా శ్రుతి చేసుకొని, వేళ్లకు తొడిగిన అందెలు మోగించేవాడు. వంతపాటగాళ్లు గుమ్మెటలు వాయిస్తూ ‘తందాన తాన’ అని అందుకొనేవారు. విజయనగరం, శ్రీకాకుళం సీమల ప్రజలు తరతరాలుగా బొబ్బిలి కథను ఈ విధంగానే విన్నారు.

సుమారు ఇరవై ఏడు శతాబ్దాల క్రితం గ్రీకుల ‘ఇలియడ్’ కూడా గాయకుల నోటనే రూపు దిద్దుకొన్నది. దానికి కర్తగా హోమరు పేరు నిలిచింది. మిల్మన్ పారీ అనే అమెరికా పండితుడు 1930ల నాటి యుగోస్లావియాలో పల్లెలు తిరిగి, చదువురాని గాయకులు వేల పంక్తుల వీరగాథలను అప్పటికప్పుడు అల్లి పాడడం విన్నాడు. అకిలీసు పేరు వచ్చినప్పుడల్లా అతని పాదవేగాన్ని చెప్పే విశేషణం ఎందుకు వెంట వస్తుందో ఆయన వివరించాడు. పాట తెగకుండా గాయకునికి ఊతమిచ్చే పలుకుబడి అది. జంగం కథ విన్న పల్లెవాసికి ఈ రహస్యం తెలుసుకోవడానికి పరిశోధన అక్కరలేదు!

రెండు గాథల్లోనూ శ్రోత హృదయం ఓడిన కోట వైపే మొగ్గుతుంది. హోమరు గ్రీకు కవి. అయినా ఆయన కావ్యం శత్రువీరుడైన హెక్టరు అంత్యక్రియలతో ముగుస్తుంది.

1757 జనవరి 24న, విజయనగర ప్రభువు పెద విజయరామరాజు ప్రోద్బలంతో ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోటపై ఫిరంగులు ఎక్కుపెట్టాడు. రంగారావు సైనికులు తెల్లవారింది మొదలు పోరాడారు. కోట నిలవదని తేలాక, శత్రువు చేతికి చిక్కరాదని తమ స్త్రీలను, పిల్లలను తామే చంపి, ఇళ్లకు నిప్పంటించి, తిరిగి ప్రాకారాల మీదికి వచ్చి నేలకొరిగారు. బొబ్బిలి పౌరుషాన్ని కొనియాడేవారు ఈ ఘట్టాన్ని త్వరత్వరగా దాటిపోతారు. ఆ తల్లులను, ఆ పసివారిని ఎవరు అడిగారు?

తరువాత కొద్ది రోజులకే ఒక రాత్రి తాండ్ర పాపారాయుడు శత్రుశిబిరంలో చొరబడి విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపాడు. కథకు అదే పరాకాష్ఠ. ఇలియడ్‌లోనూ ఒక రాత్రి, ఒక గుడారం ఉన్నాయి. ట్రాయ్ వృద్ధరాజు ప్రియమ్ అకిలీసు వద్దకు నిరాయుధుడై వెళ్లి, తన కుమారులను చంపిన చేతులనే ముద్దాడి, హెక్టరు శవాన్ని ఇమ్మని వేడుకొంటాడు. అకిలీసుకు దూరాన ఉన్న తన తండ్రి గుర్తుకు వస్తాడు. ఇద్దరూ కలిసి విలపిస్తారు. పాపారాయుడు అలా ఎందుకు చేయలేదని ప్రశ్నించడం తేలిక. ప్రియమ్‌కు అడగడానికి ఒక శవమైనా ఉంది. బూడిదైన బొబ్బిలిలో పాపారాయుడు ఏమి అడగగలడు?

పసిబిడ్డల కథలు వేరు. యుద్ధానికి వెళ్తున్న హెక్టరు శిరస్త్రాణపు కుచ్చును చూసి అతని బిడ్డ జడిసి ఏడుస్తాడు. తండ్రి నవ్వి, దానిని తీసి నేలపై ఉంచి, బిడ్డను ఎత్తుకొంటాడు. తరువాతి గ్రీకు గాథలలో విజేతలు ఆ పసివాణ్ణి కోటగోడపై నుండి విసిరివేస్తారు.

బొబ్బిలిలో అలా జరగలేదు. పీనుగుల నడుమ నుండి ఒక వృద్ధుడు రంగారావు కుమారుని చేయి పట్టుకొని నడిచివచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. తండ్రి అభీష్టానికి విరుద్ధంగా తానే ఈ బాలుణ్ణి కాపాడానని చెప్పాడట. ఆ బాలుడే చిన రంగారావుగా పెరిగి, 1794లో బొబ్బిలి సంస్థానాన్ని తిరిగి పొందాడు. ఈ యుద్ధాన్ని గ్రంథస్థం చేసిన ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఆ వృద్ధుని మాటను భద్రపరచాడు గాని, పేరు రాయలేదు.