రాతి మీద ఇంటిపేరు

సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే పెద్ద రోడ్డుకు ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. మా వైపు దాన్ని బెజవాడ రోడ్డంటారు. అది బెజవాడలో ఆగదు, బందరు దాకా పోతుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో పెద్ద రేవు బందరే. అద్దకం బట్టల కోసం డచ్చి ఈస్టిండియా కంపెనీ 1606 నాటికే అక్కడ కోఠీ పెట్టుకుంది. వచ్చినవాళ్లు చాలామంది తిరిగి వెళ్లలేదు. వాళ్ల సమాధులు ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి.

నా పీహెచ్‌డీ మా ప్రాంతపు స్త్రీల శోకాల మీద. పోయినవాళ్ల మంచీచెడూ వరుసలు కట్టి ఏడ్చే ఆడవాళ్లు పాడె ఊరు దాటేచోట ఆగిపోతారు. బొందలగడ్డ మగవాళ్లది. అన్ని కులాల్లో ఇలాగే లేదు గానీ మా ఇళ్లలో ఇదే ఆచారం. అందుకే ఏ శ్మశానం చూసినా అందులో ఆడవాళ్లు ఎక్కడున్నారని వెతకడం నాకు అలవాటైంది.

బందరులో పెద్దపెద్ద రాతిపలకలు, వాటిమీద వంశచిహ్నాలు, డచ్చి భాషలో ఉబ్బెత్తు అక్షరాలు. ఇక్కడికి వచ్చినవాళ్లంతా డచ్చివాళ్లు కారు. కంపెనీ సిపాయిల్లో, నావికుల్లో జర్మన్ రాజ్యాల నుంచి కూటికోసం చేరినవాళ్లు ఎంతోమంది. కానీ ఇంత చెక్కుడు రాయి వ్యాపారులకూ అధికారులకూ వాళ్ల కుటుంబాలకే. సిపాయికి అంత రాయి ఎవరు కొంటారు?

డచ్చి సమాధుల మీద స్త్రీని ఫలానావాడి భార్య అనే రాస్తారు. అయితే దానికి ముందు ఆమె పేరూ, పుట్టింటి పేరూ ఉంటాయి. బతికిన ఏళ్లు, నెలలు కూడా లెక్కకట్టి చెక్కడం వాళ్ల అలవాటు. కంపెనీ యూరప్ నుంచి తెచ్చిన ఆడవాళ్లు బహుకొద్దిమంది. ఉద్యోగులు ఎక్కువగా ఇక్కడే పుట్టిన మిశ్రమ సంతతి స్త్రీలను పెళ్లాడారు. కాబట్టి ‘విదేశీ’ సమాధుల్లో ఈ తీరపు తల్లుల బిడ్డలూ ఉంటారు. ఆ తల్లుల పేర్లు మాత్రం దొరకవు. బట్టకు నూలు వడికినవాళ్లవీ దొరకవు. కరువుల్లో ఈ తీరాన కొని బటేవియాకు ఓడల్లో తరలించిన బానిసలవీ అంతే. కంపెనీ ఉద్యోగి డేనియల్ హవార్ట్ 1693లో అచ్చువేసిన కోరమాండల్ చరిత్రలో సమాధుల రాతలను కూడా ఎత్తి రాశాడు. 1905లో జె.జె. కాటన్ మద్రాసు రాజధాని సమాధి శాసనాలకు పెద్ద జాబితా వేశాడు. ఎంత ఓపికగా చేసినా రాయి ఉన్నవాళ్లనే కదా రాయగలిగేది!

బందరులోనే అరబెల్లా రాబిన్సన్ సమాధి ఉంది. ఆమె 1809లో చనిపోయింది. జాన్ పేటర్ అనే సైన్యాధికారి ప్రియురాలు, భార్య కాదు. క్రైస్తవ శ్మశానంలో ఆమెకు చోటివ్వనంటే పేటర్ వేరే నేల కొని పాతిపెట్టి, ఆ సమాధి మీదే చర్చి కట్టించాడని బందరువాళ్లు చెప్పుకుంటారు. గైడ్లు దీన్ని తాజ్‌మహల్‌తో పోల్చి మురిసిపోతారు. నాకు పేటర్ ప్రేమకన్నా, పెళ్లికాని ఆడదానికి ఆరడుగుల నేల లేదన్న మాటే గట్టిగా తగిలింది. ఎందుకంటే ఆ మాట నేను మా ఇంట్లోనే విన్నాను.

మా మేనత్త మొగుణ్ని వదిలేసి మిర్యాలగూడలో రైస్‌మిల్లు పనికి పోయి ఇరవై ఏండ్లు ఒంటరిగా బతికింది. పోయిన రోజు శవాన్ని కోదాడ దగ్గరి మా ఊరికి తెచ్చాం. “ఆమెను ఆ ఇంటికిచ్చినం. మన మట్టిల ఎట్ల పెడ్తం?” అన్నాడు చిన్నాయన. ఫోన్ చేస్తే అత్తగారివాళ్లు, “ఇరవై ఏండ్ల సంది మా గడప తొక్కలే, మాకేం సంబంధం?” అన్నారు. మధ్యాహ్నం దాకా ఆమె వాకిట్లోనే ఉంది. చివరికి బొందలగడ్డ అంచున, తుమ్మచెట్ల పక్కన పెట్టారు. అప్పుడూ నేను ఊరు దాటలేదు.

బందరు నుంచి వచ్చాక సూర్యాపేటలో ఒక చిన్న రాయి చెక్కించాను. చెక్కే అతను పేరు రాసుకుని, “భర్త పేరేంది మేడమ్?” అని అడిగాడు. అక్కర్లేదన్నాను. “మరి ఇంటిపేరు ఏది పెట్టాలె?” పుట్టింటిదే పెట్టమన్నాను. నేనూ మా అమ్మా కలిసి తుమ్మచెట్ల దాకా వెళ్లి పాతించి వచ్చాం. చిన్నాయన ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.